సోడా కొట్టు దగ్గర మొదలుపెట్టి చదవవలసిన రచయిత

మా అనంతపురం జిల్లాలో బోరు వేయించిన రైతులకు తిరుచెంగోడు పేరు కొత్త కాదు, కానీ ఆ ఊరు చూసినవాళ్ళను నేను ఇంతవరకూ కలవలేదు. వేసవి ముదిరేసరికి పెద్ద లారీలు జంటగా మట్టిబాటల్లో ఊగుతూ వచ్చేవి. ఒకదాని మీద డ్రిల్లింగు యంత్రం, రెండోదాని మీద రాడ్లూ డీజిలు పీపాలూ ఉండేవి. నంబరు పలక మీద టీఎన్ 34 అనీ, తలుపు మీద తిరుచెంగోడు అనీ రాసి ఉండేది. 2003 కరువులో మా వేరుశనగ చేలో మూడో బోరు వేయిస్తున్న రాత్రి, కొబ్బరికాయ కొట్టి కర్పూరం వెలిగించాక, నేను టార్చిలైటు వెలుగులో ఆ అక్షరాలను కూడబలుక్కుని చదివాను. తెల్లవార్లూ దుమ్ము తప్ప ఏమీ పైకి రాలేదు. లారీలు పక్క ఊరికి వెళ్ళిపోయాయి, అప్పు మా ఇంట్లో ఉండిపోయింది, ఆ ఊరి పేరు నా బుర్రలో ఎండిన బోరుగుంతకు మరో పేరుగా నిలిచిపోయింది.

పన్నెండేళ్ళ తరవాత, 2015 జనవరిలో, అదే పేరు దినపత్రికల్లో మళ్ళీ కనబడింది. తన నవల ఒకదాని మీద కులసంఘాలూ మతసంస్థలూ గొడవ చేయడంతో, ఆ ఊరి ప్రాంతానికి చెందిన ఒక తమిళ నవలాకారుడు తనలోని రచయిత చనిపోయాడని ఫేస్‌బుక్‌లో ప్రకటించాడు. ఆయన దేవుడు కాడు కాబట్టి తిరిగి లేచి రాడనీ, ఇకమీదట పి. మురుగన్ అనే మామూలు ఉపాధ్యాయుడిగా మాత్రమే బతుకుతాడనీ ఆ ప్రకటన సారాంశం. దేశమంతా పెరుమాళ్ మురుగన్ పేరు మారుమోగింది. నాలాంటి తెలుగు పాఠకులు చాలామంది ఆయన పేరు మొదటిసారి విన్నది అప్పుడే, అంటే ఆయన తన మరణవార్త తానే రాసుకున్నాక.

ఆ పరిచయం ఇప్పటికీ మన చదువును పాడు చేస్తోందన్నది నా ఫిర్యాదు. ఆయన గురించి ఎవరు ఏం రాసినా నిరసనతో మొదలుపెట్టి, కోర్టు తీర్పు మీదుగా, పునరుత్థానం దగ్గర ముగిస్తారు. ఆ కథ నిజమే, చెప్పవలసిందే కూడా. కానీ ఒక నవలాకారుడి ముప్పై ఏళ్ళ పనిని పద్దెనిమిది నెలల సంఘటనలోంచి చూస్తే, ఆయన వాక్‌స్వాతంత్ర్యానికి ఒక ఉదాహరణగా మిగులుతాడే తప్ప నవలాకారుడిగా కనబడడు. ఆయన దగ్గరికి వెళ్ళడానికి సరైన దారి న్యాయస్థానంలోంచి లేదు, సోడా కొట్టులోంచి ఉంది.

సోడా కొట్టు అంటున్నది అలంకారానికి కాదు. పెరుమాళ్ మురుగన్ 1966లో తిరుచెంగోడు దగ్గరి పల్లెలో, మెట్టసేద్యం చేసుకునే కుటుంబంలో పుట్టాడు. తండ్రి పట్నంలో ఒక సినిమా హాలులో సోడా కొట్టు నడిపేవాడు. తమిళుల పేరు పద్ధతి మనదాని వంటిది కాదు. మనకు ముందు ఇంటిపేరు వస్తే వాళ్ళకు తండ్రి పేరు వస్తుంది. మురుగన్ అనేది కొడుకు పేరు, పెరుమాళ్ తండ్రి పేరు. రచయితగా ఉన్నంతకాలం తండ్రి పేరును పూర్తిగా రాసుకున్న మనిషి, రచయితగా చనిపోయానని ప్రకటించిన రోజున దాన్ని 'పి' అనే ఒక్క పొడి అక్షరానికి కుదించాడు. ఆ ప్రకటనలోని దేవుడి మాటను అందరూ ఎత్తి రాశారు కానీ, సోడాలమ్మిన తండ్రి ఒక అక్షరంలోకి ముడుచుకుపోవడం నన్ను అంతకంటే ఎక్కువ కలవరపెట్టింది.

మొదటి నవల 'ఏఱు వెయిల్' 1991లో, ఆయనకు పాతికేళ్ళ వయసులో వచ్చింది. ప్రభుత్వం ఇళ్ళ కాలనీ కట్టడానికి పొలాలు తీసుకుంటే, పరిహారం డబ్బు చేతికి వచ్చిన రైతు కుటుంబం ఎలా విడిపోతుందో, ఎవరు ఎవరిని ఎలా మోసం చేసుకుంటారో చెప్పే నవల అది. భూమి పోవడం కంటే భూమి డబ్బుగా మారడం ఒక ఇంటిని ఎంత వేగంగా తినేస్తుందో పాతికేళ్ళవాడు అంత చల్లగా రాయగలగడం నన్ను ఆశ్చర్యపరిచింది. హైదరాబాదు చుట్టుపక్కలా, ఆ తరవాత అమరావతి చుట్టుపక్కలా ఇదే కథ ఎన్ని ఇళ్ళలో నడిచిందో తెలిసిన తెలుగు పాఠకుడికి ఈ నవలకు వేరే పరిచయం అక్కర్లేదు.

రెండో నవల 'నిళల్ ముట్రం' 1993లో వచ్చింది, సోడా కొట్టు ఉన్నది ఇందులోనే. చిన్న పట్నంలో పాతబడిన సినిమా హాలు, అందులో విరామ సమయంలో సోడాలూ తినుబండారాలూ అమ్ముకునే కుర్రాళ్ళు, రాత్రి చివరి ఆట అయ్యాక ఆ హాలులోనే వాళ్ళ పడక. కథ అని చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ జరగదు. సీసాలు కడగడం, బుట్ట మోయడం, చీకట్లో కాళ్ళ మధ్య నుంచి దారి చేసుకోవడం, యజమాని తిట్లు, గంజాయి దమ్ము, ఒకరినొకరు ఏడిపించుకుంటూనే ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోవడం, ఇదే నవల. సినిమా గురించి మనకు ఎన్నో కథలున్నాయి, వాటిలో ఎక్కువభాగం తెర వైపు చూసేవే. ఈ నవల తెరకు వీపు తిప్పి కూర్చుంటుంది. తెర మీది వెలుగు ఈ పిల్లలకు దారి చూసుకోవడానికి తప్ప మరెందుకూ పనికిరాదు. సోడా సీసాను ఎంత సేపు పట్టుకుంటే వేళ్ళు ఎలా తిమ్మిరెక్కుతాయో తెలిసినవాడు మాత్రమే ఇలా రాయగలడని చదువుతున్నప్పుడు అనిపించింది. ఆయన పుస్తకాల్లో ఇది చిన్నదే అయినా, ఆయన చూపు తయారైన చోటు ఇదేనని నా నమ్మకం.

కానీ తెలుగువాళ్ళు అన్నిటికంటే ముందు చదవవలసిన పుస్తకం 2000లో వచ్చిన 'కూళమాదారి'. దీని కోసం కాస్త ఆగుతాను.

కూళయ్యన్ అనే చక్కిలి కులపు దళిత పిల్లవాడు ఒక గౌండరు ఇంట్లో, అంటే ఆ ప్రాంతపు వ్యవసాయ కులంవాళ్ళ ఇంట్లో, జీతానికి ఉండి గొర్రెలూ మేకలూ కాస్తుంటాడు. ఏడాదికి ఇంత అని ముందే తండ్రి చేతిలో పడిన జీతం. పిల్లవాడు ఇంటికి వెళ్ళాలన్నా యజమాని దయ ఉండాలి. అతనితో పాటు అలాగే జీతానికి కుదిరిన మరికొందరు పిల్లలు, గౌండరు కొడుకు సెల్వన్, మంద, తాటిచెట్లు, ఎండిన చేలు, ఒక బావి ఉంటాయి. బావి ఈ నవలలో ఈత కొట్టే చోటూ, శిక్ష పడే చోటూ కూడా. యజమాని కొడుకూ జీతగాడూ కలిసి ఆడుకుంటారు, ఒకే ఎండలో తిరుగుతారు. అన్నం తినే వేళకు మాత్రం ఎవరి గిన్నె ఎక్కడ ఉండాలో ఇద్దరికీ తెలుసు. కులం గురించి ఉపన్యాసం ఒక్క వాక్యం కూడా లేకుండా, పొద్దున మంద విప్పడం నుంచి రాత్రి కాపలా పడుకోవడం వరకూ పనిని పని లాగే రాసుకుంటూ పోతాడు. చదువుతున్నవాడి మెడ చుట్టూ తాడు ఎప్పుడు పడిందో తెలియదు.

ఇందులో మనకు సంబంధించిన విషయం ఇంకొకటి ఉంది. తిరుచెంగోడు ఉన్న పడమటి తమిళ ప్రాంతమైన కొంగునాడులో అరుందతియార్లు అని ఇప్పుడు పిలుచుకునే ఈ కులం వారిలో చాలామంది ఇంటి భాష తెలుగు. తరాల కిందట ఇటునుంచి వెళ్ళి, ఇప్పటికీ ఇళ్ళల్లో తెలుగు మాట్లాడుకుంటూ, గౌండర్ల పొలాల్లో తమిళంలో తిట్లు తిన్నవాళ్ళు. మనం ప్రవాసాంధ్రులు అన్నప్పుడు డల్లాస్, సింగపూర్, కొంచెం వెనక్కి వెళితే మారిషస్, రంగూన్ గుర్తొస్తాయి. తిరుచెంగోడు ఉన్న నామక్కల్ జిల్లాలో చెప్పులు కుట్టిన, మేకలు కాసిన తెలుగువాడు ఆ జాబితాలో ఎన్నడూ ఉండడు. అలాంటి పిల్లల బాల్యాన్ని ఒక తమిళ రచయిత, అదీ ఆ ప్రాంతపు వ్యవసాయ కులంలో పుట్టినవాడు, తమిళంలో రాస్తే, వి. గీత దాన్ని ఇంగ్లీషు చేస్తే, అనంతపురం నుంచి వచ్చిన నేను దాన్ని బెంగుళూరులో ఇంగ్లీషులో చదివాను. ఆ ఇంగ్లీషులో కూళయ్యన్‌కు పొట్టివాడు అనే అర్థమిచ్చే మాట పేరైంది, అతని నేస్తాలకూ అటువంటివే పేర్లు పెట్టారు. చదువుతున్నంతసేపూ నా నోరు వాటిని పొట్టోడు, బొజ్జోడు, పొడుగోడు అని వెనక్కి తిప్పుకుంటూనే ఉంది. మన ఊళ్ళో జీతగాళ్ళను పిలిచే పద్ధతే అది. అసలు పేరు అడిగే అలవాటు ఎవరికీ లేదు.

ఆ అనువాదం 2004లో వచ్చింది, మరుసటి ఏడాది కిరియామా అనే అంతర్జాతీయ సాహిత్య బహుమతి తుది జాబితాలో చేరింది. 'కేసు జరగకపోతే ఆయన పేరు నీకు తెలిసేదే కాదు కదా' అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. నాకు తెలిసేది కాదు, ఒప్పుకుంటాను. అయితే అది కేసుకు చెందిన ఘనత కాదు, నా చదువులోని లోపం. పుస్తకం పదేళ్ళుగా అంగట్లో ఉంది.

ఈ నవల వచ్చిన కాలంలోనే ఆయన కొంగు మాండలిక నిఘంటువు కూడా వెలువరించాడు. నవలాకారుల జీవితచరిత్రల్లో నిఘంటువులు ఒక వాక్యంతో దాటిపోయే విషయాలు, కానీ ఈయన విషయంలో అది నవలలకు పునాది. నాగళ్ళ రకాలకు, మేక జబ్బులకు, నేల తీరుకు, తాడు ముళ్ళకు ఉన్న మాటలు ఒక్కొక్కటీ పోతున్నాయని గమనించినవాడే వాటిని ఏరి రాసుకుంటాడు. ఏరినవాడికి ఏ మాట ఏ చేతిపనికి అతుక్కుని ఉంటుందో తెలుస్తుంది. మన భాషలో భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశాన్ని ప్రారంభించారు, అది గొప్ప పని. మన నవలాకారుల్లో ఎంతమంది దాన్ని తెరిచి చూసి ఉంటారా అని నాకు సందేహం. కొంగు ప్రాంతానికి నవలలో ఒక వారసత్వం కూడా ఉంది. 1942లో ఆర్. షణ్ముగసుందరం 'నాగమ్మాళ్' రాసేనాటికే ఆ ప్రాంతపు మాట పుస్తకంలోకి వచ్చేసింది. మురుగన్ ఆ పొలంలోనే లోతుగా దున్నాడు.

తరవాతి నవలల్లో 'కంగణం' ఇక్కడ తక్కువ మాట్లాడుకునేది. ముప్పై అయిదేళ్ళు దాటినా పెళ్ళికాని రైతు మారిముత్తు, తన కులంలో పిల్ల దొరక్క ఊరూరా తిరుగుతుంటాడు. దొరకకపోవడానికి కారణం దురదృష్టం కాదు. ఆస్తి చీలకూడదని ఆడపిల్లలను పుట్టకముందే, పుట్టాక కూడా వదిలించుకున్న కులం, ముప్పై ఏళ్ళకు తన కొడుకులకు పెళ్ళికూతుళ్ళు లేకుండా చేసుకుంది. ఇంత భయంకరమైన విషయాన్ని ఆయన హాస్యంగా రాశాడు. పెళ్ళిళ్ళ పేరయ్యలూ, జాతకాలూ, తోటకు వెళితే ఎగతాళి, ఇంటికి వస్తే తల్లీ అవ్వా గొడవా. నవ్వుతూ చదువుతుంటే గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

ఇక 2010 నాటి 'మాదొరుబాగన్'. తిరుచెంగోడు కొండ మీద అర్ధనారీశ్వరుడి గుడి ఉంది. సగం శరీరం ఆమెకిచ్చినవాడు అని ఆ శీర్షికకు అర్థం. స్వాతంత్ర్యానికి ముందటి కాలంలో, కాళి, పొన్న అనే దంపతులకు పెళ్ళై పన్నెండేళ్ళయినా పిల్లలు లేరు. గుడి రథోత్సవపు చివరి రాత్రి, పిల్లలు లేని స్త్రీ ముక్కూమొహం తెలియని మగవాడితో కలిసి బిడ్డను కంటే ఆ బిడ్డను దేవుడిచ్చిన బిడ్డగా భావించే ఆచారం ఒకప్పుడు ఉండేదన్నది కథలోని ఆధారం. బెంగుళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ ఇచ్చిన ఆర్థిక సహాయంతో ఆయన ఆ ప్రాంతపు మౌఖిక సంప్రదాయాల మీద పరిశోధన చేసి ఈ నవల రాశాడు.

ఈ నవలను ఆ ఒక్క రాత్రి గురించిన పుస్తకంగా చెప్పుకోవడం రెండు వైపులవాళ్ళూ చేసిన తప్పు. పుస్తకంలో ఎక్కువభాగం మిగతా పన్నెండేళ్ళదే. కొత్తల్లుడిగా అత్తవారింట్లో తాను నాటిన గంగరావి మొక్క మానై నీడ పరిచాక, దాని కింద కూర్చున్న కాళితో నవల మొదలవుతుంది. చెట్టుకు కొమ్మలు వచ్చాయి, తనకు రాలేదు. పొన్న శుభకార్యానికి వెళితే ఏ పని ముట్టుకోవాలో ఏది ముట్టుకోకూడదో పక్కవాళ్ళ కళ్ళు చెబుతాయి. విత్తనం ముట్టుకుంటే మొలకెత్తదేమోనన్న అనుమానం ఎవరో ఒకరు పైకే అనేస్తారు. మన గొడ్రాలు అనే మాటను తలచుకోండి. దానికి సరిపోయే మగమాట మన నోళ్ళలో ఎంత అరుదుగా వినబడుతుందో కూడా తలచుకోండి. అయితే కాళిని కూడా ఊరు వదిలిపెట్టదు. రెండో పెళ్ళి చేసుకోమంటారు, మగతనం మీద గుసగుసలాడతారు, అతను మనుషులను వదిలేసి పశువుల దొడ్డిలో పడుకోవడం మొదలుపెడతాడు. ఇంత జరిగినా ఆ ఇద్దరికీ ఒకరిమీద ఒకరికి కోరిక చావదు, నవలకు ప్రాణం అదే. భర్త ఒప్పుకున్నాడని అబద్ధం చెప్పి పొన్నను ఉత్సవానికి పంపేది ఆమె కన్నవాళ్ళే, అన్నే. ఆమె మోసపోయింది, అతనూ మోసపోయాడు, మోసం చేసినవాళ్ళు ప్రేమతోనే చేశారు. ఇందులో దేవుడి తప్పు ఎక్కడుంది? ఊరి తప్పు మాత్రం పుట పుటలోనూ ఉంది. కోపం వచ్చినవాళ్ళకు అసలు తగిలింది అదేనేమోనని నాకు అనుమానం.

తమిళంలో వచ్చి నాలుగేళ్ళ పాటు ఈ నవలను జనం మామూలుగా చదువుకున్నారు. అనిరుద్ధన్ వాసుదేవన్ ఇంగ్లీషు అనువాదం 2013లో వచ్చింది. 2014 డిసెంబరులో కులసంఘాలూ మతసంస్థలూ కదిలాయి. కొన్ని పుటలకు మాత్రం నకళ్ళు తీసి పంచారు, పుస్తకాన్ని తగలబెట్టారు, తిరుచెంగోడులో దుకాణాలు మూయించారు. 2015 జనవరి 12న నామక్కల్ కలెక్టరు కార్యాలయంలో రెవెన్యూ అధికారి సమక్షంలో శాంతి చర్చలు అనే పేరుతో జరిగిన సమావేశంలో ఆయన బేషరతుగా క్షమాపణ చెప్పి, అమ్ముడుపోని ప్రతులను వెనక్కి తీసుకుంటానని సంతకం పెట్టి వచ్చాడు. ఆ తరవాతే ఫేస్‌బుక్ ప్రకటన.

వాళ్ళు నకలు పుటలు చదివి నవల చదివామనుకున్నారు. మనం ఆ ప్రకటన చదివి రచయితను చదివామనుకున్నాం. ఈ రెండు పనులూ సమానమని నేను అనను, ఒకటి మనిషిని ఊరు వదిలేలా చేసింది, రెండోది అతనికి అండగా నిలిచింది. కానీ చదవకపోవడంలో మాత్రం ఇద్దరమూ ఒక బడి పిల్లలమే.

సంతకం పెట్టకుండా నిలబడి ఉండవలసిందని అప్పట్లో అన్నవాళ్ళున్నారు. వాళ్ళలో చాలామంది నామక్కల్‌లో ఇల్లు ఉన్నవాళ్ళు కారు. ప్రభుత్వ కళాశాలలో తమిళం చెప్పుకునే మనిషి, పొద్దున లేస్తే కూరగాయలకు ఆ బజారుకే వెళ్ళాలి, పిల్లల్ని ఆ వీధిలోంచే పంపాలి. తన జనం గురించి రాసినవాడికి కోపం వచ్చినవాళ్ళు శత్రువులు కారు, చుట్టాలూ ఇరుగుపొరుగులూ. ఢిల్లీలోనో లండన్‌లోనో కూర్చుని ధైర్యం చెప్పడం తేలిక.

మద్రాసు హైకోర్టు 2016 జూలై 5న తీర్పు చెప్పింది. ప్రధాన న్యాయమూర్తి సంజయ్ కిషన్ కౌల్, జస్టిస్ పుష్పా సత్యనారాయణల ధర్మాసనం, శాంతి చర్చల్లో రాయించుకున్న కాగితానికి చట్టబద్ధత లేదని తేల్చి, నచ్చని పుస్తకాన్ని చదవకుండా పక్కన పడేయవచ్చని గుర్తుచేసి, రచయిత తిరిగి లేచి తనకు చేతనైన పని చేయాలని, అంటే రాయాలని చెప్పింది. గొప్ప తీర్పు. దాని మీద ఇప్పటికే చాలినంత రాశారు కాబట్టి ముందుకు వెళతాను.

తీర్పుకూ ప్రకటనకూ మధ్య తిరుచెంగోడు గుడి దగ్గరే జరిగిన మరో సంఘటన గురించి మాత్రం రచయిత కథ చెప్పేవాళ్ళు సాధారణంగా మాట్లాడరు. 2015 జూన్‌లో ఇంజనీరింగు చదువు ముగించిన ఒక దళిత యువకుడు, గౌండరు కులానికి చెందిన తన సహాధ్యాయినితో మాట్లాడుతుండగా ఆ అర్ధనారీశ్వరుడి గుడి దగ్గర నుంచే ఎత్తుకుపోబడ్డాడు. మరుసటి రోజు అతని శవం రైలు పట్టాల మీద దొరికింది. 2022లో మదురై ప్రత్యేక న్యాయస్థానం పదిమందికి యావజ్జీవ శిక్ష విధించింది. ఆ హత్య జరిగే నాటికి ఇటువంటి చావునే వస్తువుగా తీసుకున్న మురుగన్ నవల వచ్చి రెండేళ్ళయింది.

ఆ నవల 'పూక్కుళి'. పల్లె నుంచి పట్నం వెళ్ళి సోడా కొట్టులో పని నేర్చుకున్న కుమరేశన్ (చూడండి, మళ్ళీ సోడా కొట్టే) అక్కడ సరోజ అనే అమ్మాయిని ప్రేమించి, రహస్యంగా పెళ్ళి చేసుకుని, తన ఊరికి తీసుకొస్తాడు. తల్లి మారాయి రోజంతా తిడుతూనే ఉంటుంది. సరోజది ఏ కులమని ఊరంతా అడుగుతుంది. ఊరు అడిగిన ఆ ప్రశ్నకు రచయిత చివరిదాకా సమాధానం చెప్పడు, ఒక్క కులం పేరూ రాయడు. మొదటిసారి చదివినప్పుడు ఇది తప్పించుకోవడమేమో అనుకున్నాను. రెండోసారి చదువుతున్నప్పుడు, సరోజ కులం ఏమై ఉంటుందని నేను ఆధారాలు ఏరుతున్నానని గమనించి సిగ్గుపడ్డాను. ఆమె ఒంటి రంగు, మాట తీరు, వంట, అన్నిటినీ ఆ ఊరివాళ్ళు చూసినట్టే చూస్తున్నాను. చివరకు ఆమె దాక్కున్న ముళ్ళకంపకు ఊరు నిప్పు పెడుతుంది. కులాంతర పెళ్ళి చేసుకుని 2013 జూలైలో ధర్మపురిలో చనిపోయిన దళిత యువకుడు ఇళవరసన్‌కు ఆయన ఈ పుస్తకాన్ని అంకితం ఇచ్చాడు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో పట్టపగలు ఆస్పత్రి ముందు జరిగిన హత్య తరవాత దీన్ని తెరిచిన తెలుగు పాఠకుడు దీన్ని తమిళ నవల అనుకోలేడు. దీని ఇంగ్లీషు అనువాదం 2023లో అంతర్జాతీయ బుకర్ బహుమతి తొలి జాబితాలో నిలిచింది. తమిళం నుంచి అంతవరకూ వెళ్ళిన మొదటి పుస్తకం ఇదే.

మౌనం తరవాత ఆయన మొదట బయటపెట్టినవి కవితలు. 'పిరికివాడి పాటలు' అని ఆ సంపుటికి పేరు. వీరుడి కోసం వచ్చిన సభలో పిరికివాడినని చెప్పుకోవడంలో ఆయనకు కొంటెతనం కూడా ఉందని నాకనిపిస్తుంది. తనలో ఇప్పుడొక సెన్సారు అధికారి కూర్చుని పుట్టిన ప్రతి మాటనూ పరీక్షిస్తున్నాడని ఢిల్లీలో ఆ పుస్తకం విడుదల చేస్తూ ఆయన అన్నాడు. ఆ అధికారితో ఎలా బేరమాడాడో తరవాతి నవలల్లో కనబడుతుంది. మనుషుల గురించి రాయడానికి భయం, దేవుళ్ళ గురించి రాయడానికి అంతకంటే భయం, ఆవులూ పందులూ నిషిద్ధం, కుక్కలూ పిల్లులూ కవిత్వానికి చెందినవి, ఇక మిగిలినవి మేకలూ గొర్రెలే అంటూ 'పూనాచ్చి' ముందుమాటలో చెప్పుకొచ్చాడు. మేకల తరవాత 'కళిముగం'లో అసురులను పట్టుకున్నాడు. తండ్రీ కొడుకులూ స్మార్ట్‌ఫోనూ అన్నీ మనవే, పేర్లు మాత్రం అసురులవి. నిజం చెప్పాలంటే ఈ రెండోది నాకు తేలిపోయినట్టు అనిపించింది. చేత్తో పని చేసేవాళ్ళను వదిలి కుర్చీలో కూర్చున్న గుమాస్తా దగ్గరికి వచ్చేసరికి ఆయన వాక్యంలో బరువు తగ్గింది. భయం వల్ల తగ్గిందా, వస్తువు వల్ల తగ్గిందా అని అడిగితే వస్తువు వల్లే అంటాను. ఎందుకంటే అదే భయంతో రాసిన 'పూనాచ్చి' ఆయన మంచి పుస్తకాల్లో ఒకటి.

'పూనాచ్చి'ని అందరూ రాజకీయ రూపకంగా చదివారు. మేకపిల్లకు చెవి కుట్టించి ప్రభుత్వ లెక్కల్లో నమోదు చేయించుకోవడం, అందుకోసం ముసలిది వరుసలో నిలబడడం, వరుసలో ఎవరూ నోరెత్తకపోవడం చూసి అది ఫలానా కార్డు గురించి, ఫలానా ప్రభుత్వం గురించి అని రాశారు. అవన్నీ అందులో ఉన్నాయి, కానీ పుస్తకాన్ని నిలబెట్టింది అవి కావు. కొండరాళ్ళ మీద కూర్చున్న ముసలివాడి చేతిలో ఎవరో మహాకాయుడు ఒక నల్లటి మేకపిల్లను పెట్టి వెళ్ళిపోతాడు. పిల్లికూనంత ఉంది కాబట్టి దానికి ఆ పేరు. తల్లి లేదు, ఇంట్లో ఉన్న మేక దీన్ని దగ్గరికి రానివ్వదు. ఆ పిల్ల బతుకుతుందా అన్నదే చాలాసేపు కథ. మేకను పెంచిన మనిషి రాసిన పుటలవి.

2023లో జేసీబీ సాహిత్య బహుమతి పొందిన 'ఆలండాపట్చి' గురించి కూడా ఇదే చెబుతాను. 2012లో రాసిన నవల అది, గొడవలకు ముందటిది; జననీ కణ్ణన్ చేసిన ఇంగ్లీషు అనువాదానికి పదకొండేళ్ళ తరవాత గుర్తింపు వచ్చింది. అన్నదమ్ముల పంపకాల్లో అన్యాయమైపోయిన చిన్న కొడుకు ముత్తు, కొత్త నేల కోసం పాత జీతగాడు కుప్పన్నను వెంటబెట్టుకుని ఎద్దుబండి మీద బయలుదేరడమే కథ. నేలను పిడికిట్లోకి తీసుకుని నలిపి చూడడం, బావిలో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో రాయి వేసి వినడం, ఆ ఊళ్ళో కుప్పన్నకు ఎక్కడ నీళ్ళు పోస్తారో గమనించడం, ఇన్ని పనుల మధ్య ఒక వ్యవసాయ కులపు ఆశ, అసూయ, ప్రయాణం అన్నీ తెలిసిపోతాయి. న్యాయస్థానం దగ్గర మొదలుపెట్టినవాడికి ఈ నవల నీరసంగా ఉండవచ్చు. సోడా కొట్టు దగ్గర మొదలుపెట్టినవాడు ఎద్దుల మెడ మీది కాడి మచ్చ కూడా వదలకుండా చదువుతాడు.

కిందటి సంక్రాంతికి ఊరికి వెళ్ళినప్పుడు 'పూనాచ్చి' నా సంచిలో ఉంది. నాయనకు ఇప్పుడు కళ్ళు సరిగా కనబడవు, సాయంత్రాలు అరుగు మీద ఖాళీగా కూర్చుంటున్నాడని, ఇంగ్లీషు చూస్తూ నోటికొచ్చిన తెలుగులో చదివి వినిపించడం మొదలుపెట్టాను. రచయితది తిరుచెంగోడు అని చెబితే, 'బోరుబండ్లోళ్ళ ఊరా?' అని మాత్రం అన్నాడు. కేసు సంగతి నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. చెవి కుట్టించే వరుస దగ్గర ఆవలించాడు. తల్లిలేని పిల్లకు పాలు పట్టే చోట మాత్రం రెండుసార్లు ఆపించి మళ్ళీ చదివించుకున్నాడు. ఆ పిల్ల పెద్దదై ఒకే కాన్పులో ఏడు పిల్లల్ని ఈనిందని చదివేసరికి నిటారుగా కూర్చున్నాడు.

'ఏడా? మేకకు ఉండేవి రెండే చన్నులు కదరా, ఏడు ఎట్ల తాగుతాయి?'

అదే రాస్తున్నాడు నాయనా, విను, అని పుట తిప్పాను.